సాయం ముందు ఎవరికి? పక్కనున్నవాళ్లకా, దూరాన ఉన్నవాళ్లకా?

43 ఏళ్ల పాఠకురాలు ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఆమె పనిచేసే ఆఫీసులో 31 మంది కలిసి ఆరేళ్లుగా ఒక చిన్న నిధి నడుపుతున్నారు. నెలనెలా ఎవరికి తోచినంత వాళ్లు వేస్తారు. ఏడాదికోసారి అందరూ కూర్చుని, ఆ డబ్బు ఎక్కడికి ఇవ్వాలో ఓటు వేసి తేల్చుకుంటారు. లెక్కలు చూసేది ఈమే. మొదటి నాలుగేళ్లూ దగ్గర్లోని తల్లిదండ్రులు లేని పిల్లల చదువులకు ఇచ్చారు. తర్వాత ఈమె చొరవతో ఆ డబ్బు ఆఫ్రికా దేశాల్లో మలేరియా దోమతెరలు పంచే సంస్థకు వెళ్లడం మొదలైంది. ఈ ఏడాది 18 మంది అటు, 13 మంది ఇటు. డబ్బు పంపేశారు.

రెండు వారాల తర్వాత, రోజూ ఆఫీసు ఊడ్చి తుడిచే ఆవిడ ఈమె దగ్గరికి వచ్చింది. భర్త మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పనికి పోలేడు. మూడు నెలల అద్దె బాకీ పడింది. "మీరంతా కలిసి డబ్బులు కూడబెడతారట కదమ్మా, అందులోంచి అప్పుగా ఇప్పించండి" అని అడిగింది. నిధిలో ఏమీ మిగల్లేదని ఈమె చెప్పింది. "పర్లేదమ్మా" అనేసి ఆవిడ మళ్లీ నేల తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టక, మర్నాడు ఈమె తన సొంత డబ్బు కొంత ఇచ్చింది. భర్తకు చెప్పలేదు.

విషయం బయటికొచ్చింది. పన్నెండేళ్లుగా పక్క బల్ల దగ్గర కూర్చునే స్నేహితురాలు అందరి ముందూ అంది: "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నీకు ఫొటోలో పిల్లలు కనిపిస్తారు గానీ నీ బల్ల తుడిచే మనిషి కనిపించదు." అప్పటి నుంచి మాటల్లేవు. ఇంకొకాయన, "ఇక్కడిస్తే తాగేస్తారు, అక్కడికి పంపితే మధ్యలో తినేస్తారు, అసలు ఈ నిధే ఎత్తేద్దాం" అంటున్నారట. ఈమె మాత్రం ఒక విషయం మర్చిపోలేకపోతోంది. చిన్నప్పుడు తాను చదువుకున్నది ముక్కూ మొహం తెలియని పరాయి దేశస్థులు వేసిన చందాతో. వాళ్లు కూడా "ముందు మన పిల్లలు" అనుకుని ఉంటే తానెక్కడ ఉండేది అని అడుగుతోంది. ముందు ఇక్కడివాళ్లా, అక్కడివాళ్లా? నేను తప్పు చేశానా? ఈ బాధ్యత వదిలేయనా? ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం:

ముందు ఆ ఊడ్చే ఆవిడ సంగతి మాట్లాడదాం. మీకు నిద్ర పట్టనివ్వనిది ఆవిడ అన్న "పర్లేదమ్మా" అనే మాట. దాన్ని పక్కన పెట్టి ప్రపంచ పేదరికం గురించి ఎంత మాట్లాడుకున్నా మీ మనసు కుదుటపడదు.

ఒక్క చిన్న లెక్క వేసి చూడండి. ఈ ఏడాది ఆ 13 మందే గెలిచి ఉంటే ఏమయ్యేది? డబ్బు పిల్లల ఫీజుల కింద వెళ్లిపోయేది. రెండు వారాల తర్వాత ఆవిడ వస్తే, అప్పుడూ నిధి ఖాళీగానే ఉండేది. అంటే ఆ రోజు ఆవిడను ఉత్త చేతులతో పంపింది దోమతెరలు కావు. ఏడాది పొడవునా పోగుచేసి ఒక్కసారే మొత్తం ఇచ్చేసి, ఆపద కోసం ఏమీ అట్టేపెట్టుకోని మీ నిధి పద్ధతి. మీ స్నేహితురాలు కోపంలో ఇది గమనించలేదు. తప్పు చేశానన్న భావంలో మీరూ గమనించలేదు.

ఇంకో మాట. ఆవిడ మిమ్మల్ని దానం అడగలేదు, అప్పు అడిగింది. మీ ఆఫీసులో మీకెవరికైనా ఇంట్లో ఆపద వస్తే జీతం మీద అడ్వాన్సు దొరుకుతుందా? దొరికితే, అదే ఆఫీసును శుభ్రంగా ఉంచే మనిషికి ఎందుకు దొరకదు? ఆవిడ కాంట్రాక్టరు కింద పనిచేస్తుందని రాశారు. ఆవిడకు చట్టం ప్రకారం రావలసిన కనీస వేతనం అందుతోందా? జబ్బు చేస్తే జీతంతో సెలవు ఉందా? మీ 31 మందిలో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? ఎవరి శ్రమ మీద మన రోజు నడుస్తుందో వాళ్ల లేమి విషయంలో మన బాధ్యత దానంతో తీరేది కాదు. అది వాళ్లకు మనం పడ్డ బాకీ. దాన్ని దానాల పద్దులోకి తెచ్చి దోమతెరలతో పోటీ పెట్టడం రెండింటికీ అన్యాయమే. మీ 31 మంది సంతకాలు పెట్టి యాజమాన్యం ముందుకెళ్తే నిధిలోంచి పైసా ఖర్చు కాదు, ఆవిడకు మాత్రం మీరు ఏడాదంతా ఇవ్వగలిగిన చందా కన్నా ఎక్కువే దక్కవచ్చు.

ఇక ఆ సామెత. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నది విద్యలూ వాదాలూ ప్రదర్శించుకునేవాళ్ల గురించి. నలుగురిలోకి వెళ్లేముందు ఇంట్లో నీ సత్తా నిరూపించుకో అని. ఇంట్లో గెలవడానికి ఒక రోజంటూ ఉంటుంది, ఆ తర్వాత రచ్చకు వెళ్తారు. పేదరికానికి అలాంటి రోజు ఎక్కడుంది? ఎంత సంపన్న దేశమైనా "మా దగ్గర పేదలు అయిపోయారు, ఇక బయటివాళ్ల సంగతి చూస్తాం" అన్న దాఖలా లేదు. కాబట్టి "ముందు ఇక్కడ" అన్న మాటకు ఆచరణలో అర్థం "అక్కడికి ఎప్పటికీ వద్దు" అనే. అలా అనుకునే హక్కు ఎవరికైనా ఉంది. కానీ "ముందు" అనే మాట వెనక దాక్కోకుండా ఆ సంగతి నేరుగా చెప్పాలి.

దూరాన ఉన్న పేదరికం గురించి మీ ఆఫీసులో తెలియాల్సింది కొంత ఉంది. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో తీవ్ర పేదరికపు గీతను రోజుకు మనిషికి 3 డాలర్లుగా సవరించింది. "ఆ దేశాల్లో అన్నీ చవక కదా, 3 డాలర్లకు బాగానే బతకొచ్చు" అని చాలామంది అనుకుంటారు. ఆ చవకను ముందే లెక్కలోకి తీసుకుని వేసిన గీత అది. అమెరికాలో 3 డాలర్లకు ఏమొస్తుందో దాదాపు అంతే సరుకుతో రోజంతా గడపడం. తిండి, అద్దె, మందులు, చదువు అన్నీ అందులోనే. ఆ గీతకు కింద ఇప్పటికీ 80 కోట్ల మందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఎక్కువ మంది సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లో ఉన్నారు. ఆ దేశాల్లో చాలావాటి ఖజానాలు చిన్నవి. ప్రభుత్వం మనసు పెట్టినా చేయగలిగింది తక్కువ. మలేరియా ఒక్కటే 2023లో సుమారు 6 లక్షల మందిని చంపింది. చనిపోయినవాళ్లలో ఎక్కువ మంది ఐదేళ్ల లోపు పిల్లలు. 2000 నుంచి 2015 మధ్య ఆఫ్రికాలో తప్పించగలిగిన మలేరియా కేసుల్లో మూడింట రెండు వంతులు మందు పట్టించిన దోమతెరల వల్లే తప్పాయని పరిశోధకులు లెక్క తేల్చారు. మీరు పంపిన డబ్బు వృథా కాలేదు. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు.

"బయటివాళ్లకు ఇప్పటికే చాలా పోతోంది" అనే మాటా మీ సమావేశంలో వచ్చిందన్నారు. ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం విదేశీ సాయానికి ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లో లక్ష్యం పెట్టింది. యాభై ఏళ్లు దాటినా దాన్ని అందుకున్న దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమెరికాలో చేసిన చాలా సర్వేల్లో, బడ్జెట్‌లో నాలుగో వంతు విదేశీ సాయానికే పోతోందని జనం సగటున అంచనా వేస్తూ వచ్చారు. నిజానికి అది ఒక శాతం అటూ ఇటూ. ఆ కాస్తలో పెద్ద భాగాన్ని నడిపించిన అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025 జులైలో మూతపడింది. దాని నిధుల మీద ఆధారపడ్డ ఆరోగ్య కార్యక్రమాలు ఎన్నో దెబ్బతిన్నాయి.

ఇన్ని చెప్పాక కూడా మీ స్నేహితురాలిది ఉత్త సంకుచితత్వమని నేననను. ఆమె అన్న రెండో మాటలో, ఆ ఫొటో మాటలో, సారం ఉంది. దూరపు కొండలు నునుపు. ఆఫ్రికా దక్షిణ దేశాల్లో ఒకప్పుడు పిల్లలు ఆడుకునే రంగులరాట్నానికి పంపు బిగించారు. పిల్లలు తిరుగుతుంటే నీళ్లు పైకి వస్తాయన్నారు. చూడముచ్చటైన ఫొటోలు వచ్చాయి, పెద్దపెద్ద దాతలు ముందుకొచ్చారు. తీరా చూస్తే చాలాచోట్ల పిల్లలు అంతసేపు తిరగలేక, నీళ్ల కోసం వచ్చిన ఆడవాళ్లే ఆ చక్రాన్ని తొయ్యాల్సి వచ్చింది. పాడైతే బాగుచేసే దిక్కు లేదు. 2010 నాటికి ఆ సంబరం ముగిసింది. ఆ పంపు ఏ దాత వీధి చివరో ఉండి ఉంటే నెల తిరక్కుండానే సంగతి తెలిసిపోయేది. దగ్గరివాళ్లకు చేసే సాయంలో ఉన్న గొప్ప బలం ఇదే. తప్పు జరిగితే అది మన ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

దగ్గరి పేదరికంలో లేమి ఒక్కటే ఉండదు, అవమానం కూడా ఉంటుంది. అందరికీ ఫోనూ శాశ్వత చిరునామా ఉన్నచోట అవి లేనివాడు ఉద్యోగానికి దరఖాస్తు కూడా పెట్టుకోలేడు. 3 డాలర్ల గీతకు పైనున్నాడు కదా అని అతన్ని లెక్కలోంచి తీసేయలేం. అయితే ఇక్కడ మీ చేతిలో డబ్బు ఒక్కటే లేదు. మీకు ఓటుంది, భాష తెలుసు, ఏ కాగితం ఏ ఆఫీసులో ఇవ్వాలో తెలుసు. ఆస్పత్రికి తోడు వెళ్లగలరు. పన్ను కట్టేవాళ్లుగా ప్రభుత్వాన్ని నిలదీయగలరు. ఒక పేదవాడికి రావలసిన పింఛను దరఖాస్తు మీరు రాసిపెడితే, అది నెలనెలా వస్తూనే ఉంటుంది. అక్కడివాళ్లకు మీరు ఇవ్వగలిగింది డబ్బు మాత్రమే. మీకు చిన్నదనిపించే మొత్తం అక్కడ పెద్ద పని చేస్తుంది. అందుకే మిమ్మల్ని మీరు ఒకే తక్కెడలో తూచుకోకండి. డబ్బు ఎటు పోవాలన్నది ఒక ప్రశ్న. మీ పొద్దు, మీ గొంతు, మీ కాళ్లు ఎటు నడవాలన్నది ఇంకొకటి. రెండింటికీ ఒకే జవాబు ఉండనక్కర్లేదు.

"తాగేస్తారు, తినేస్తారు" అన్న ఆయన గురించి ఎక్కువ చెప్పను. పేదలకు నేరుగా నగదు ఇచ్చిన కార్యక్రమాల మీద 19 అధ్యయనాలను ప్రపంచ బ్యాంకు పరిశోధకులు పరిశీలించారు. తాగుడు, పొగాకు ఖర్చు పెరిగిన దాఖలా వాళ్లకు కనిపించలేదు. మధ్యలో తినేసేవాళ్లు ఉంటారు, నిజమే. అందుకే లెక్కలు బయటపెట్టే సంస్థను, అక్కడి మనుషులే నడిపే సంస్థను వెతుక్కోవాలి. దానికి కొంచెం శ్రమ పడాలి. ఎత్తేయడం సులువు.

మీ చదువు విషయానికి వస్తాను. మీరు ఆ చందాను తీర్చాల్సిన అప్పులా మోస్తున్నారు, బయటి దేశానికి ఇస్తేనే అది తీరుతుందన్నట్టు. దీనికి ఒక పాత సంగతి చెబుతాను. 1960లలో ఢాకాలో విదేశీ డబ్బుతో నడిచిన ఒక కలరా పరిశోధనశాల ఉండేది. ఉప్పు, గ్లూకోజు తగిన పాళ్లలో కలిపిన నీళ్లు తాగిస్తే కలరా రోగి బతుకుతాడని అక్కడా, కలకత్తాలోనూ జరిగిన పరిశోధనలు తేల్చాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా ప్రబలింది. నరానికి ఎక్కించే సెలైను నిండుకుంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ ఉప్పు-గ్లూకోజు నీళ్లను డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతులతోనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. తర్వాత బంగ్లాదేశ్‌లోనే పుట్టిన బ్రాక్ సంస్థ కార్యకర్తలు 1980లలో కోటికి పైగా ఇళ్లకు వెళ్లి, ఇంట్లో ఉన్నవాటితోనే ఆ నీళ్లు కలుపుకోవడం తల్లులకు నేర్పారు. ఇవాళ విరేచనాలైన పసిబిడ్డకు ఏ దేశంలోనైనా వైద్యులు మొదట పట్టమనేది అదే.

ఇందులో ఇల్లేది, బయటేది? పరాయి డబ్బు ఒకచోటికి వచ్చింది. అక్కడ తేలిన విషయంతో పక్క దేశపు వైద్యుడు తన దగ్గరికొచ్చిన పరాయివాళ్లను కాపాడాడు. ఆ విద్య మళ్లీ వాళ్ల దేశానికి వెళ్లి, అక్కడి నుంచి అందరి ఇళ్లకూ చేరింది. డబ్బు ఇచ్చినవాళ్లకు ఇదంతా తెలిసే అవకాశమే లేదు. మీకు చందా వేసినవాళ్లకు మీరెవరో తెలియనట్టే. కాబట్టి వాళ్ల బాకీ తీర్చడానికి సరిహద్దు దాటడమే షరతని మీరనుకోవద్దు. పక్కవీధి బిడ్డ ఫీజు కట్టినా, వేల మైళ్ల అవతల దోమతెర వేలాడదీసినా వాళ్లు చేసిన పనినే మీరు కొనసాగిస్తున్నట్టు.

ఇక మీ ముందున్న దారులు. ఇప్పటిలాగే ఏటా ఓటుతో నడపొచ్చు. 18 మందికి సంతోషం. కానీ 13 మంది కూడా డబ్బు వేస్తున్నారు. వాళ్లు వరసగా ఓడిపోతుంటే ఒకరి తర్వాత ఒకరు తప్పుకుంటారు. మూడేళ్లలో నిధి సగమవుతుంది. అక్కడి పిల్లలకు మీ పట్టుదల వల్ల చివరికి తక్కువే అందుతుంది. పూర్తిగా దగ్గరివాళ్లకే మార్చేస్తే గొడవ సద్దుమణుగుతుంది, స్నేహితురాలు మాట్లాడుతుంది. అయితే మీరు నమ్మని పనికి లెక్కలు రాస్తూ కూర్చోవాలి. మీ ఉత్తరం చూస్తే అది మీవల్ల ఎక్కువ కాలం అయ్యే పనిలా లేదు. సగం సగం చేస్తే అందరికీ కాస్త అసంతృప్తి మిగులుతుంది. పైగా రెండు చోట్లా సంస్థల బాగోగులు కనుక్కునే పని మీద పడుతుంది. మీరు ఒక్కరే చెయ్యలేరు, ఇంకొకరు కావాలి. మరో పద్ధతి, ఎవరి వాటా ఎటు పోవాలో వాళ్లే రాసివ్వడం. ఇందులో ఓటమి ఎవరికీ లేదు. కానీ కలిసి కూర్చుని వాదించుకోవడం పోతుంది. మీ నిధి ఒక తపాలా పెట్టెలా మారుతుంది. ఆరేళ్లుగా ఏడాదికోసారైనా 31 మంది ఇలాంటి విషయం మీద ఒకచోట కూర్చున్నారంటే, దాన్ని పోగొట్టుకోవడానికి నాకు మనసొప్పడం లేదు.

నేనైతే ఏ దారి పట్టినా, ముందు పదో వంతో ఎంతో తీసి ఆపద నిధిగా పక్కన పెట్టమంటాను. ఆఫీసులో పనిచేసే ఎవరికైనా, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు కూడా, వడ్డీ లేని అప్పు. అడిగినవాళ్లు 31 మంది ముందు తమ కష్టం చెప్పుకోనక్కర్లేకుండా ఇద్దరు చూస్తే చాలు. దీనికి ఆ 18 మందిలో ఎవరూ కాదనరనుకుంటాను. మిగిలింది ఎలా పంచాలో మీరంతా తేల్చుకోవాల్సిందే. నా మొగ్గు అడిగితే, మిగిలిన డబ్బులో పెద్ద భాగం అక్కడికి, మీ 31 మంది పొద్దులో పెద్ద భాగం ఇక్కడికి. కారణాలు పైన చెప్పాను. మీకు అవి సరిపోకపోతే వదిలేయండి.

లెక్కల బాధ్యత వదిలేయాలా అంటే, ఇప్పుడు వద్దు. కోపంలో వదిలేస్తే తప్పు ఒప్పుకుని తప్పుకున్నారని కొందరు, అలిగి వెళ్లారని కొందరు అంటారు. రెండూ నిజం కావు. వచ్చే ఏడాది పద్ధతి కుదిరాక, ఇంకొకరికి నేర్పి అప్పగించండి. ఆరేళ్లు ఒక్కరే చూడటం కూడా మంచిది కాదు.

ఆవిడకు ఇచ్చిన డబ్బు సంగతి మీ భర్తకు చెప్పండి. "తనకు మాలిన ధర్మం" అంటారేమో అని భయపడ్డానని రాశారు. అనొచ్చు. ఆ నెల ఇంటి ఖర్చులకు ఇబ్బంది పడ్డారు కాబట్టి అనే హక్కు ఆయనకుంది. దాచి చేసిన సాయం మీకు ఇంకో బరువవుతుంది. ఉన్న బరువు చాలు.

చివరగా, మీ ఉత్తరంలో నేను వెతికినా దొరకని విషయం ఒకటుంది. సమావేశంలో ఎవరేమన్నారో అంతా రాశారు. ఆ అద్దె సంగతి ఏమైందో రాయలేదు. బాకీ తీరిందా? ఇంటి యజమాని ఒప్పుకున్నాడా? ఆవిడ భర్త కాలు నయమైందా? మీ స్నేహితురాలు కూడా ఇదంతా కనుక్కుని ఉండకపోవచ్చు. రేపు ఆఫీసుకు వెళ్లాక వాదన సంగతి ఎత్తకుండా, "ఆవిడ ఇంటికి ఒకసారి వెళ్లొద్దాం, వస్తావా?" అని అడిగి చూడండి. రానంటే మీరొక్కరే వెళ్లండి.